రెండో కాన్పయి ఏడాది దాటినా పొట్ట తగ్గలేదు... క్రంచెస్ చేయాలా, మానేయాలా?

విజయవాడ నుంచి ఒక సోదరి చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆవిడకు 31 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో టీచరు. 14 నెలల క్రితం సిజేరియన్‌తో రెండో బాబు పుట్టాడు. అప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించుకున్నారు. పెళ్ళినాటి కంటే 4 కిలోలే ఎక్కువ ఉన్నారు, కాళ్ళూ చేతులూ సన్నగానే ఉన్నాయి. పొట్ట మాత్రం అయిదో నెల నిండినట్టు కనిపిస్తోంది, సాయంత్రం అయ్యేసరికి ఇంకా ముందుకొస్తోంది. సిటీ బస్సులో ఒకావిడ లేచి సీటిచ్చి "ఎన్నో నెలమ్మా?" అని అడిగిన రోజు నుంచి చీర కట్టడం మానేశారట.

ఇంట్లో తలా ఒక మాట. "బాలింతప్పుడు నడికట్టు సరిగ్గా కట్టించుకోలేదు, అందుకే ఇలా" అని అత్తగారు. "ఆపరేషన్ అయినవాళ్ళందరికీ పొట్ట వస్తుంది" అని తోటి టీచర్లు. నడుం నొప్పికి కారణం వెన్నులో ఇచ్చిన మత్తు సూది అని అమ్మ. పొట్ట తగ్గించే మూడు నెలల ప్యాకేజీ ఉందని చెప్పి జిమ్‌లో డబ్బు కట్టడానికి భర్త సిద్ధంగా ఉన్నారు. ఈలోగా ఆవిడే ఫోన్‌లో వీడియోలు చూసి రోజూ వంద క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తే వ్యాయామం) మొదలుపెట్టారు, రాత్రి భోజనం మానేశారు. రెండు నెలలు గడిచేసరికి పొట్ట అలాగే ఉంది, నడుం నొప్పి వచ్చింది. మంచం మీంచి లేచేటప్పుడు బొడ్డు పైన నిలువుగా ఒక గట్టు లేస్తోంది. నాలుగు నెలల్లో, మాఘమాసంలో, ఆడపడుచు పెళ్ళి. బెల్టు కొనుక్కోవాలా, జిమ్‌కి వెళ్ళాలా, సర్జరీ చేయించుకోవాలా అని అడిగారు. అన్నీ రాశాక, కింద చిన్నక్షరాలతో ఇంకొక్క మాట: "తుమ్మినా, గట్టిగా నవ్వినా కొంచెం మూత్రం పడిపోతోంది. ఎవరికీ చెప్పలేదు. ఇద్దరు పిల్లల తర్వాత మామూలే కదా?"

అమ్మా, నా సమాధానం ఆ చిన్నక్షరాల మాటతోనే మొదలుపెడతాను. ఇది చాలామంది తల్లులకు ఉంటుంది. అలాగని ఓర్చుకుంటూ గడిపేయాల్సిన సంగతి కాదు. దీనికి మందూ సర్జరీ కంటే ముందు వ్యాయామమే చికిత్స, అదీ బాగా పనిచేసే చికిత్స. పైగా మీ పొట్ట, మీ నడుం, ఈ తుమ్ము ఇబ్బంది మూడు వేర్వేరు సమస్యలని మీరు అనుకుంటున్నారు. మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉంది. అది తెలిస్తే ఏ దారి పట్టాలో మీరే తేల్చుకోగలరు.

పొట్ట ముందు భాగంలో రొమ్ము ఎముక కింద నుంచి కటి ఎముక దాకా రెండు పట్టీల్లాంటి కండరాలు పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండింటినీ మధ్యలో ఒక తెల్లటి గట్టి పొర కలిపి ఉంచుతుంది. గర్భసంచి పెరుగుతున్న కొద్దీ ఆ పొర సాగుతుంది, పట్టీలు ఎడమవుతాయి. తొమ్మిదో నెలకు దాదాపు ప్రతి గర్భిణికీ ఇది ఎంతో కొంత జరుగుతుంది. కాన్పయ్యాక చాలామందిలో మళ్ళీ దగ్గరికి వస్తాయి, కొందరిలో పూర్తిగా రావు. డాక్టర్లు దీన్ని డయాస్టాసిస్ రెక్టై అంటారు. మీరు రాసిన లక్షణాలు, ముఖ్యంగా లేచేటప్పుడు మధ్యలో లేచే ఆ గట్టు, దీన్నే సూచిస్తున్నాయి. చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను కానీ, మీరు ఇంట్లోనే కొంతవరకు చూసుకోవచ్చు.

పొద్దున పరగడుపున వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. బొడ్డుకు కాస్త పైన చేతివేళ్ళు అడ్డంగా పెట్టి మెత్తగా నొక్కండి. ఇప్పుడు తల, భుజాలు కొద్దిగా పైకెత్తండి. వేళ్ళకు రెండు పక్కలా కండరాల అంచులు తగులుతాయి. వాటి మధ్య ఎన్ని వేళ్ళు పడుతున్నాయో చూడండి. బొడ్డు దగ్గర, బొడ్డు కింద కూడా ఇలాగే. రెండు వేళ్ళు దాటి ఎడం ఉంటే సాధారణంగా డయాస్టాసిస్ అంటారు. అయితే వెడల్పు ఒక్కటే చూసి బెంగపెట్టుకోవద్దు. వేళ్ళు లోపలికి మెత్తగా దిగిపోతున్నాయా, లేక అడుగున బిగువు తగులుతోందా అన్నది కూడా చూడాలి. రెండున్నర వేళ్ళ ఎడం ఉండి కూడా మధ్య పొర బిగువుగా ఉన్న తల్లులు ఏ ఇబ్బందీ లేకుండా అన్ని పనులూ చేసుకుంటారు.

ఇక ఇంట్లో వాళ్ళ మాటలు. నడికట్టు కట్టుకోనందుకు మీకిలా జరగలేదు. నార్వేలో తొలిచూలు తల్లులు 300 మందిని గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పయిన 6 వారాలకు 60 శాతం మందిలో, ఏడాదికి సుమారు 33 శాతం మందిలో ఈ ఎడం కనిపించింది. అంటే ఏడాది తర్వాత కూడా ముగ్గురిలో ఒకరు మీలాంటివాళ్ళే. నడికట్టు గానీ బెల్టు గానీ సిజేరియన్ అయిన తొలి రోజుల్లో లేచి తిరగడానికి ఆసరాగా ఉంటుంది, నొప్పి కాస్త తగ్గిస్తుంది. కండరాన్ని మాత్రం బలపరచదు. అలాగే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌లో ముట్టుకునేది గర్భనాళాలనే. పొట్ట కండరాలకూ దానికీ సంబంధం లేదు. సిజేరియన్‌లో కూడా ఆ నిలువు కండరాలను సాధారణంగా కోయరు, పక్కకు జరుపుతారు. మత్తు సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండొచ్చు, కానీ ఏడాది తర్వాత కొత్తగా మొదలైన నడుం నొప్పిని దాని మీదికి నెట్టలేం. అమ్మతో ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. మన ఇళ్ళలో సగం నడుం నొప్పులు ఆ సూది ఖాతాలో పడి, వైద్యం లేకుండా ఉండిపోతున్నాయి.

నడుం నొప్పి విషయంలో ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ నార్వే అధ్యయనంలోనే, ఎడం ఉన్నవాళ్ళకు లేనివాళ్ళ కంటే నడుం నొప్పి ఎక్కువగా ఏమీ లేదని తేలింది. కాబట్టి మీ నొప్పికి కారణం ఎడం ఒక్కటే అనుకోకండి. రోజంతా బోర్డు దగ్గర నిలబడటం, బాబును ఎప్పుడూ ఒకే చంకన వేసుకుని పొట్ట ముందుకు తోసి నిలబడటం, నిద్ర లేకపోవడం, రెండు నెలలు రోజూ వందసార్లు నడుం వంచి లేవడం, ఇవన్నీ కలిశాయి.

ఇప్పుడు ఆ క్రంచెస్ సంగతి. పొట్టలోపల ఎప్పుడూ కొంత ఒత్తిడి ఉంటుంది. పైన ఊపిరి కండరం, కింద మూత్రసంచినీ గర్భసంచినీ మోసే కటి అడుగు కండరాలు, చుట్టూ నడుముని పట్టి ఉంచే లోపలి అడ్డ కండరం, వెనక వెన్ను పక్కనున్న చిన్న కండరాలు. ఈ నాలుగూ కలిసి ఆ ఒత్తిడిని ఆపుతాయి. ఇంగ్లీషు వీడియోల్లో కోర్ అంటున్నది దీన్నే. ఊపిరి బిగబట్టి లేచినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. నీళ్ళ ప్యాకెట్టును పిండితే పలచగా ఉన్న చోటే ఉబ్బుతుంది కదా, ఇక్కడా అంతే. మీలో ముందువైపు పలచబడ్డ చోట గట్టు లేచింది, కిందివైపు నీరసించిన చోట మూత్రం జారింది.

అలాగని క్రంచెస్ విషమని నేననను. ఎడం ఉన్నవాళ్ళు జన్మలో చేయకూడదని చాలా చోట్ల రాస్తారు. 2023లో నార్వేలోనే జరిగిన ఒక పరీక్షలో, ఇలాంటి తల్లులు 12 వారాలు పద్ధతిగా తల, భుజాలు పైకెత్తే వ్యాయామాలు చేస్తే ఎడం పెరగలేదు, తగ్గనూ లేదు, పొట్ట కండరాల బలం మాత్రం పెరిగింది. కాబట్టి మీరు చేసినందువల్ల పొట్ట చీలిపోయిందేమోనని భయపడాల్సిన పని లేదు. మీ విషయంలో ఇబ్బంది వరసలో ఉంది. లోపలి కండరాలు ఇంకా మేలుకోకముందే, ఊపిరి బిగబట్టి, వంద లెక్కపెట్టుకుంటూ చేశారు. ప్రస్తుతానికి ఆపేయండి. కొన్ని వారాల తర్వాత కావాలంటే పదితో మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

మీ ముందున్న దారుల్లో నేను ఎక్కువ ఇష్టపడేది, ఇంట్లోనే చేసుకోగలిగేది చెబుతాను. వీలైతే మొదట ఒకటి రెండుసార్లు ఫిజియోథెరపిస్టుకు చూపించుకుని మొదలుపెట్టండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా ఫిజియోథెరపీ విభాగాలుంటాయి. కాన్పు తర్వాతి సమస్యలు చూసే మహిళా ఫిజియో కావాలని అడగండి.

మొదటి రెండు వారాలూ ఊపిరే వ్యాయామం. మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకోండి. ఒక చెయ్యి పక్కటెముకల మీద, రెండోది బొడ్డు కింద తుంటి ఎముకకు కాస్త లోపలగా. ముక్కుతో పీల్చినప్పుడు పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి. నోటితో మెల్లగా వదులుతూ, ముందు అపానవాయువు ఆపుకుంటున్నట్టుగా కింది కండరాలను పైకి లాగండి, ఆ వెంటనే బొడ్డు కింది భాగాన్ని వెన్నువైపు తీసుకోండి. వేళ్ళ కింద మెత్తటి బిగువు తగిలితే సరిగ్గా చేసినట్టే. పొట్ట వేళ్ళను బయటికి తంతోందంటే బలం ఎక్కువ పెట్టారన్నమాట. అయిదారు సెకన్లు ఉంచి పూర్తిగా వదిలేయండి. వదలడం కూడా బిగించినంత ముఖ్యం.

ఆ కింది కండరాల బిగింపుకే కీగెల్ వ్యాయామమని పేరు. ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో దీని గురించి రాశారు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల ప్రకారం ఒక్కోసారి కనీసం 8 బిగింపులు, రోజుకు 3 సార్లు, కనీసం 3 నెలలు చేయాలి. నాలుగు రోజులు చేసి ఫలితం లేదని మానేసేవాళ్ళే ఎక్కువ. మీరు స్టాఫ్ రూంలో కాపీలు దిద్దుతూ కూడా చేయొచ్చు, పక్కనున్నవాళ్ళకు తెలియదు. మూత్రానికి వెళ్ళినప్పుడు ధారను ఆపి ఆపి సాధన చేయమని కొందరు చెబుతారు, అది వద్దు. తుమ్ము వచ్చేలా ఉందనగానే ఒక్క బిగింపు ముందుగా బిగించడం అలవాటు చేసుకోండి. మొదట తేడా అక్కడే తెలుస్తుంది.

ఇవి చేతికొచ్చాక ఒక్కొక్కటీ కలపండి. పడుకుని, ఊపిరి వదులుతూ, ఒక మడమను నేల మీద జార్చుకుంటూ కాలు చాపి మళ్ళీ వెనక్కి. తర్వాత పాదాలు నేలకు ఆనించి పిరుదులు పైకెత్తడం. ఆ తర్వాత చేతులు, మోకాళ్ళ మీద ఉండి కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపడం, మళ్ళీ రెండో వైపు. ఇది నడుం నొప్పికి కూడా మంచిది. వెన్ను మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన కెనడా ప్రొఫెసర్ స్టూవర్ట్ మెక్‌గిల్ ముఖ్యంగా సిఫారసు చేసే మూడింట్లో ఇదొకటి. ఇంకోటి పక్కకు తిరిగి మోచేతి మీద లేచే సైడ్ ప్లాంక్. మోకాళ్ళు నేలకు ఆనించి మొదలుపెడితే మీకూ సాధ్యమే.

ఎప్పుడు పై మెట్టు ఎక్కాలో క్యాలెండర్ చూసి తేల్చుకోకండి. చేసేటప్పుడు పొట్ట మధ్యలో గట్టు లేస్తోందా, ఊపిరి ఆగిపోతోందా, కింద తడి తెలుస్తోందా చూడండి. మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజుకు కింది మెట్టుకు దిగండి. ఏదీ లేకపోతే ముందుకు వెళ్ళండి. మిగతా రోజంతా చేసే పనులు కూడా లెక్కలోకి వస్తాయి. మంచం మీంచి తిన్నగా లేవకుండా పక్కకు ఒత్తిగిలి, చెయ్యి ఆన్చి లేవండి. బాబును ఎత్తేటప్పుడు దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళు వంచి, ఊపిరి వదులుతూ ఎత్తండి. చంక మారుస్తూ ఉండండి. మలబద్ధకం ఉంటే దాని సంగతి ముందు చూసుకోండి. రోజూ ముక్కుతూ కూర్చుంటే మీరు కట్టుకుంటున్నదంతా అక్కడ కరిగిపోతుంది.

ఇలా చేస్తే పెళ్ళినాటికి ఏమవుతుంది? నడుం నొప్పి, తుమ్ము ఇబ్బంది బాగా తగ్గుతాయని ఆశించొచ్చు. మంచం మీంచి లేచేటప్పుడు గట్టు చిన్నదవుతుంది. సాయంత్రం పొట్ట జారడం తగ్గుతుంది. చదునైన పొట్ట మాత్రం నేను మాటివ్వను. సాగిన చర్మం వ్యాయామంతో బిగిసిపోదు. పెళ్ళిలో చీర కట్టుకోండమ్మా. కావాలంటే ఆ నాలుగు గంటలు మెత్తటి బెల్టు పెట్టుకోండి, తప్పేం లేదు. రోజూ మాత్రం బిగించుకుని తిరగొద్దు. బెల్టు చేసే ఒత్తిడి కిందికి పోతుంది, మీకు ఇప్పటికే నీరసంగా ఉన్నది కిందివైపే.

జిమ్ రెండో దారి. బరువులతో కాళ్ళకు, వీపుకు చేసే వ్యాయామం మీ వయసులో ఎంతో మేలు. కాకపోతే మూడు నెలల్లో పొట్ట మాయం అనే ప్యాకేజీ మాట నమ్మకండి. ఒక చోట వ్యాయామం చేస్తే ఆ చోటి కొవ్వే కరుగుతుందన్నది జరగని పని. ఇప్పుడే చేరితే ట్రైనర్‌కు మీ సంగతి విడమర్చి చెప్పాలి. రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తేవి, పూర్తి సిటప్స్, గెంతులు, ఊపిరి బిగబట్టి ఎత్తే బరువులు ప్రస్తుతానికి వద్దనాలి. అందరితో పాటు నువ్వూ చేయాల్సిందేనని ఒత్తిడి చేసే చోటయితే, మీకిప్పుడున్న ఇబ్బందులే పెరుగుతాయి. రెండు నెలలు ఇంట్లో పునాది వేసుకుని చేరితే అదే జిమ్ మీకు బాగా ఉపయోగపడుతుంది. మీవారితో ఒక మాట చెప్పి చూడండి. ఆ డబ్బు కంటే మీకు కావాల్సింది, రోజూ ఇరవై నిమిషాలు పిల్లలిద్దరూ మీ మీదికి ఎక్కని సమయం. ఆయన పొట్ట తగ్గాలని మాత్రమే అడుగుతున్నారో, మీ ఒంట్లో బాగుండాలని అడుగుతున్నారో నాకు తెలియదు. తుమ్ము సంగతి, నడుం నొప్పి సంగతి ఆయనకు తెలిస్తే ఆలోచన మారొచ్చు. చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం. చెప్పకుండా ఉంటే మాత్రం, మీరు చేస్తున్నదంతా అందం కోసమే అనుకుని పెళ్ళయ్యాక సమయం ఇవ్వడం ఆపేసే ప్రమాదముంది.

రాత్రి భోజనం మానడం ఆపండి. బాబు ఇంకా రాత్రిళ్ళు పాలు తాగుతున్నాడని రాశారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పాలిచ్చే తల్లికి తొలి 6 నెలలు రోజుకు అదనంగా 600 కేలరీలు, తర్వాతి 6 నెలలు 520 కావాలి. ఇప్పుడు అంత అక్కర్లేదు, అలాగని పస్తులుంటే కండరం పెరగదు. అన్నం కాస్త తగ్గించి, పప్పు, గుడ్డు, పెరుగు, శనగలు పెంచండి. పథ్యం పేరుతో నెలల తరబడి కారప్పొడి అన్నంతో సరిపెట్టుకున్న బాలింతల్లో నీరసం చాలాకాలం ఉంటుంది. ఒకసారి హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి.

సర్జరీ గురించి. విడిపోయిన పట్టీలను కుట్లతో దగ్గరికి తెచ్చి, వదులు చర్మం తీసేస్తారు. మీకు ఇక కాన్పులు లేవు కాబట్టి మళ్ళీ సాగిపోతుందన్న భయం తక్కువ. అయినా ఇది పెద్ద సర్జరీ. తుంటి నుంచి తుంటి దాకా మచ్చ ఉంటుంది, కొన్ని వారాలు బాబును ఎత్తుకోకూడదు. ఆరోగ్య బీమా పాలసీలు అందం కోసం చేసే సర్జరీలను సాధారణంగా మినహాయిస్తాయి. తుమ్ము ఇబ్బంది దానివల్ల తగ్గుతుందని లెక్క పెట్టుకోలేం. బాబు పాలు మాని, ఆరు నెలలో ఏడాదో వ్యాయామం నిజంగా చేశాక కూడా ఎడం పెద్దగా ఉండి ఇబ్బంది పెడుతుంటే అప్పుడు ఆలోచించండి. నాలుగు నెలల్లో పెళ్ళి ఉందని తొందరపడి మాత్రం వద్దు. అసలేమీ చేయకుండా ఉండటం కూడా ఒక దారే. ఎడం దానంతట అది జబ్బు కాదు, ఆ పొట్టతోనే హాయిగా ఉంటాననుకుంటే ఎవరూ తప్పుపట్టకూడదు. అప్పుడు కూడా కింది కండరాల వ్యాయామం మాత్రం మానకండి.

వీటన్నిటికంటే ముందు ఒకసారి మీ గైనకాలజిస్టును గానీ సర్జన్‌ను గానీ కలిసి, బొడ్డు దగ్గర హెర్నియా (పొట్ట గోడలో బలహీనపడ్డ చోటు నుంచి లోపలి భాగం బయటికి పొడుచుకు రావడం) లేదని తేల్చుకోండి. ఎడం వల్ల లేచే గట్టు నిలువుగా, పొడుగ్గా ఉంటుంది, పడుకోగానే పోతుంది, నొప్పి ఉండదు. బొడ్డులోనో దాని పక్కనో గుండ్రంగా ఉబ్బి, దగ్గితే పెద్దదవుతుంటే హెర్నియా కావచ్చు. అప్పుడు ఏయే వ్యాయామాలు చేయాలో డాక్టరు చెప్పాకే మొదలుపెట్టాలి. ఆ ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, ఎర్రబడినా, దానితో పాటు నొప్పి, వాంతులు వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్ళండి.